బడి సేద్యం కిట్: కొలిచే డబ్బా భేష్, పండించే డబ్బా దండగ

ఆరు నుంచి ఎనిమిదో తరగతి పిల్లలకు సుస్థిర సేద్యం, పర్యావరణం నేర్పడానికని బడులకు అమ్ముతున్న కిట్ ఇది. అట్టపెట్టెలో రెండు ప్లాస్టిక్ డబ్బాలు, 64 పేజీల తెలుగు పుస్తకం, గోడకు అంటించే రెండు పటాలు ఉంటాయి. ధర 6,800 రూపాయలు. 40 మంది ఉన్న తరగతికి సరిపోతుందని మూత మీద రాశారు. కంపెనీ పేరు ఇక్కడ రాయడం లేదు. ఇదే సరుకుతో వేరే పేర్ల పెట్టెలూ వస్తున్నాయి కాబట్టి కింద రాసిందంతా వాటికీ వర్తిస్తుంది. పత్తి, మిర్చి, వరి, మక్క పండే వరంగల్ చుట్టుపక్కల ఊళ్ల బడిలో దీన్ని జూన్‌లో తెరిచి మార్చి దాకా నడిపితే ఏది అక్కరకొస్తుంది, ఏది మూలన పడుతుంది అన్నదే ఈ సమీక్ష.

మొదటి డబ్బాలో కొలిచే సామాను ఉంది: మట్టి పులుపు, క్షారం చూపే పీహెచ్ కాగితాలు, రంగు మారే నత్రజని-భాస్వరం-పొటాష్ గుళికలు, గాజు గొట్టాలు, వానమాపకం, జిగురు అట్టలు, మగ రెక్కల పురుగుల్ని వాసన ఎరతో లాగి పట్టే ఒక లింగాకర్షక బుట్ట. రెండో దానిలో పండించే సామాను: కొబ్బరి పొట్టు ఇటుకలు, 12 సంచులు, విత్తనాల పొట్లాలు, వేపనూనె సీసా, వానపాముల ఎరువు డబ్బా.

మట్టి పరీక్ష నుంచి మొదలుపెడదాం. మట్టి తీసే పద్ధతి పుస్తకంలో సరిగ్గానే ఉంది. ఒకే చోట కాకుండా చేనంతా వంకరటింకరగా నడుస్తూ 8 నుంచి 10 చోట్ల, 15 సెంటీమీటర్ల లోతున వి ఆకారంలో గుంత తవ్వి, గోడ వెంట పైనుంచి కింది దాకా ఒక పొర గీకి తీయాలి. గట్ల పక్కన, చెట్ల కింద, పెంటకుప్ప పోసిన చోట తీయొద్దు. అంతా కలిపి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు పారేస్తూ చివరికి అర కిలో మిగుల్చుకుని నీడలో ఆరబెట్టాలి. తరగతి మొత్తాన్ని కదిలించే పని ఇది.

పీహెచ్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం రెండు తప్పులు దొర్లుతాయి. మొదటిది నీళ్లు. పుస్తకం 'శుభ్రమైన నీరు' అని రాసి వదిలేసింది. పిల్లలు బోరు నీళ్లు పడతారు. మన బోర్లలో చాలావాటి నీళ్లు ఉప్పదనం, క్షారం ఉన్నవే. చల్క (ఇసుక పాలు ఎక్కువున్న ఎర్ర) మట్టిని అందులో కలిపినా కాగితం 8 చూపిస్తుంది, అది మట్టిది కాదు, నీళ్లది. బ్యాటరీల దుకాణంలో దొరికే డిస్టిల్డ్ వాటర్ ఒక సీసా తెస్తే ఈ గొడవ పోతుంది. 20 గ్రాముల మట్టికి 50 మిల్లీలీటర్లు పోసి, అరగంట పాటు మధ్యమధ్య కలపాలి. రెండో తప్పు నల్ల బంకమట్టి రేగడితోనే వస్తుంది. అరగంటకు చల్క మట్టి నీళ్లు తేటపడతాయి. రేగడి నీళ్లు మాత్రం నల్ల కాఫీలా అలాగే ఉంటాయి. అందులో కాగితం ముంచితే మట్టి రంగు అంటుకుని పక్కనున్న రంగుల పట్టీలో దేనితోనూ సరిపోదు. పిల్లలు తోచిన అంకె వేస్తారు. వడపోత కాగితంలో నాలుగు చుక్కలు వడగట్టి, ఆ చుక్కల్ని కాగితం మీద వేస్తే సరి. కిట్‌లో వడపోత కాగితం పెట్టలేదు. నాలుగు రూపాయల సరుకుకు కక్కుర్తి పడ్డారు.

గుళికల పరీక్ష సంగతి ఇంకా చూడాలి. ఇలాంటి రంగు పరీక్షల్లో భాస్వరాన్ని బయటికి లాగడానికి మామూలుగా వాడేది ఆమ్ల ద్రావణం. ఆమ్ల నేలల్లో అది పనిచేస్తుంది. సున్నం ఉన్న రేగడిలో ఆ ఆమ్లం సున్నంతోనే ఖర్చయిపోతుంది, భాస్వరం లెక్క నమ్మడానికి వీల్లేకుండా వస్తుంది. అందుకే మన దగ్గరి ప్రయోగశాలల్లో క్షార నేలలకు సోడియం బైకార్బొనేట్‌తో చేసే ఓల్సెన్ పద్ధతి వాడతారు. కిట్ చేతిలో పట్టుకుని 'మన చేనులో భాస్వరం లేదు, డీఏపీ వేయాలి' అని పిల్లవాడు ఇంట్లో చెబితే, ఏటా ఆ భాస్వరం ఎరువు పోస్తున్న చేనులో ఇంకో బస్తా పడుతుంది. పుస్తకంలో ఈ హెచ్చరిక ఒక్క వాక్యం కూడా లేదు. నత్రజనిదీ అంతే: పెద్ద వాన పడిన మర్నాడు ఒక లెక్క, వారం ఎండ కాశాక ఇంకో లెక్క. ఈ గుళికల్ని పరీక్ష ఎలా జరుగుతుందో చూపడానికి మాత్రమే వాడి, అదే మట్టి ఇంకో అర కిలో ప్రభుత్వ భూసార పరీక్షా కేంద్రానికి పంపాలి. రెండు ఫలితాల కాగితాలు పక్కపక్కన గోడకు అంటించి ఎక్కడ తేడా వచ్చిందో, ఎందుకొచ్చిందో అడగాలి. మామునూరు, మల్యాల, జమ్మికుంటల్లో కృషి విజ్ఞాన కేంద్రాలున్నాయి, ముందే మాట్లాడుకుని వెళ్తే మంచిది.

సున్నం ఉందో లేదో తేల్చడానికి గుళిక అక్కర్లేదు. ఎండిన మట్టి గడ్డ మీద నాలుగు చుక్కల వెనిగర్ వేసి చెవి దగ్గర పెట్టుకుంటే చాలు. సున్నం బాగా ఉన్న రేగడి సన్నగా బుసబుస మంటుంది, చల్క చప్పుడు చేయదు. ఇది పుస్తకంలో లేదు. 50 మిల్లీలీటర్ల గొట్టంలో చేయమన్న ఇసుక-ఒండ్రు-బంక పరీక్ష కూడా లీటరు సీసాలో చేస్తేనే కంటికి ఆనుతుంది. మూడో వంతు మట్టి, మిగతా నీళ్లు, చిటికెడు బట్టల సోడా వేసి బాగా గిలకొట్టి కదలకుండా పెట్టాలి. ఒక నిమిషంలో దిగిన చోట గీత గీస్తే అది ఇసుక, రెండు మూడు గంటలకు ఒండ్రు, ఆ తర్వాత దిగేదంతా బంక. రేగడి సీసా మరుసటి రోజుకూ తేరుకోదు. దానికి రెండు మూడు రోజులివ్వాలి.

వానమాపకం ఈ పెట్టె మొత్తంలో మేలైన వస్తువు. గీతలు చెరగని అచ్చు, కింద సన్నని కొస ఉండటం వల్ల 2 మిల్లీమీటర్ల జల్లు కూడా చదవొచ్చు. గోడకు, చెట్టుకు దూరంగా, పైకప్పు నీళ్లు చిమ్మని చోట పాతాలి. పొద్దున 8:30కే రోజూ చదవాలి. పుస్తకంలో హెక్టార్ల లెక్క ఇచ్చారు, దాన్ని పక్కనపెట్టి గుంటల్లో చెప్పించండి. ఎకరానికి 40 గుంటలు, గుంట అంటే 121 గజాలు, ఇంచుమించు 101 చదరపు మీటర్లు. 10 మిల్లీమీటర్ల వాన ఒక గుంట మీద పడితే దగ్గర దగ్గర 1,000 లీటర్లు. ఎకరం మీద 40,000 లీటర్లు. ఈ లెక్క ఒకసారి పట్టుబడితే ఆరో తరగతి పిల్లలు కూడా బడి స్లాబు మీద పడిన నీళ్లెన్నో చెబుతారు. పత్తి గింజ నాటడానికి 60 నుంచి 75 మిల్లీమీటర్ల వాన పడి నేల తడవాలంటారు. మొదటి చినుకుకే గింజ వేసి, మొలక మాడితే మళ్లీ గింజ కొనే ఇళ్ల నుంచి వచ్చే పిల్లలకు వానమాపకం అట్ట మీద ఆ కూడిక రోజూ రాయించడం కన్నా మంచి పాఠం ఏముంటుంది?

ఇదే చోట పుస్తకం ఒక అవకాశం చేజార్చుకుంది. నీటి పొదుపు అధ్యాయమంతా డ్రిప్పు గొట్టాల బొమ్మలే, చెరువు మాట లేదు. పాకాల, రామప్ప, లక్నవరం చెరువులున్న నేల ఇది. ఒక చెరువు మత్తడి (అలుగు) దూకితే ఆ నీళ్లు కింది చెరువుకు చేరే గొలుసుకట్టు కాకతీయుల నాటిది. 2015లో మొదలైన చెరువుల మరమ్మతు పథకం మిషన్ కాకతీయలో పూడిక మట్టి తీసి చేలకు తోలారు. ఆ మట్టిలో బంక ఎక్కువ. కాబట్టి చల్కలో వేస్తే తేమ నిలుస్తుంది, రేగడిలో వేస్తే కొత్తగా వచ్చే లాభం తక్కువ. పైన చెప్పిన లీటరు సీసాలో చెరువు మట్టి ఒకటి, చల్క ఒకటి పక్కపక్కన పెడితే ఇది నోటితో చెప్పే పనే ఉండదు.

లింగాకర్షక బుట్ట, జిగురు అట్టలు పత్తి, మిర్చి ఊళ్లకు సరిగ్గా కుదిరిన సామాను. గులాబీ రంగు పురుగు ఎరలు రెండు ఇచ్చారు. ఒక్కో ఎర మూడు నాలుగు వారాలే పనిచేస్తుంది, రెండో దాన్ని విప్పకుండా ఫ్రిజ్‌లో పెట్టాలి. ఎరను వేళ్లతో పట్టుకోవద్దు, పొట్లం కాగితంతోనే పట్టి బిగించాలి. బుట్టను 5 అడుగుల ఎత్తున కట్టమని పుస్తకం చెప్పింది, అది పొరపాటు. పైరు తలకు ఒక అడుగు పైన ఉండాలి, పైరు పెరిగే కొద్దీ బుట్టనూ ఎత్తాలి. పత్తి 45 రోజుల వయసు నుంచి రోజూ పొద్దున రెక్కల పురుగుల్ని లెక్కపెట్టి చార్టులో వేయించండి. ఒక బుట్టలో రోజుకు 8 చొప్పున వరుసగా 3 రోజులు పడితే మందు అవసరమైన స్థాయి అని లెక్క. ఆ గీతను చార్టులో ఎర్ర స్కెచ్ పెన్నుతో ముందే గీసి ఉంచితే ఏడో తరగతి వాళ్లకు గ్రాఫు పాఠం అందులోనే అయిపోతుంది. పక్కింటాయన కొట్టాడని మనమూ మందు కొట్టడం ఎందుకు తప్పో ఆ గీతే చెబుతుంది. 2002లో బీటీ పత్తి వచ్చినప్పుడు కాయతొలుచు పురుగు బెడద తీరిందనుకున్నారు. గులాబీ పురుగు దానికి అలవాటు పడి మళ్లీ ఎలా వచ్చిందో పుస్తకం ఒకటిన్నర పేజీలో చక్కగా చెప్పింది.

జిగురు అట్టల్లో పసుపువి తెల్లదోమకు, పేనుబంకకు, నీలివి తామర పురుగుకు. 2021లో మిరప పూతను నాశనం చేసిన నల్ల తామర పురుగును భూతద్దం కింద చూపాలంటే నీలి అట్టే సాధనం. అయితే రెండు జాగ్రత్తలున్నాయి. వారం దాటితే అట్ట మీద దుమ్ము, అక్షింతల పురుగులు, తేనెటీగలు కూడా పేరుకుంటాయి. కాబట్టి మూడు రోజులు ఉంచి, లెక్కపెట్టి, తీసేయాలి. రెండోది జడలు. వంగి చూస్తే వెంట్రుకలు అంటుకుంటాయి, మంచినూనె రాసి తీయాలి తప్ప గుంజొద్దు. ఈ సంగతి కంపెనీ వాళ్లకు తెలియకపోవడం వింతే.

ఇక పండించే డబ్బా. ఇది నగరంలో బాల్కనీ ఉన్న ఇంటి కోసం తయారైన సరుకు, బడి పేరుతో అమ్ముతున్నారు. కొబ్బరి పొట్టు సముద్రం ఒడ్డు నుంచి వస్తుంది. చాలాసార్లు ఉప్పు ఉంటుంది, రెండు మూడుసార్లు నానబెట్టి పిండి పారబోస్తే గానీ మొక్క పచ్చబడదు. అది ఒక ఎత్తు. అసలు చిక్కు ఇంకోటుంది: కొబ్బరి పొట్టులో పప్పుజాతి మొక్క వేస్తే వేరు బుడిపెలు రావు, లేదా ఒకటి రెండు వస్తాయి. నత్రజనిని నిలిపే రైజోబియం బ్యాక్టీరియా మట్టిలో ఉంటుంది గానీ పొట్టు ఇటుకలో ఎక్కడిది? పుస్తకం 31వ పేజీలో 'బొబ్బర మొక్క పీకి బుడిపెలు చూడండి' అని ఉంది, కిట్ ఇచ్చిన సంచిలో పీకితే చూడటానికి ఏమీ ఉండదు.

నేల మీదే మడి కట్టండి. 3 మీటర్ల పొడవు, 1 మీటరు వెడల్పు, 15 సెంటీమీటర్ల ఎత్తు. రేగడి అయితే బాగా మాగిన పశువుల ఎరువు 15 కిలోలు, రెండు తట్టల ఇసుక కలపాలి, లేకపోతే వానకు ముద్దయి ఎండకు పగులుతుంది. ఒక సగంలో బొబ్బర్లు ఉత్తగా, ఇంకో సగంలో బొబ్బర్లకు రెండుసార్లు గుప్పెడు యూరియా వేసి పెంచండి. 35 నుంచి 40 రోజులకు నేల తడిపి, వేలితో కాదు, ఖుర్పీతో మట్టిగడ్డ సహా లేపి, బకెట్ నీళ్లలో వేళ్లు జాడించాలి. ఉత్త మొక్కకు వేళ్ల నిండా బుడిపెలుంటాయి, యూరియా తిన్న మొక్కకు తక్కువ. ఒక బుడిపెను గోటితో రెండుగా చీలిస్తే లోపల గులాబీ ఎరుపు కనిపిస్తుంది. అది పనిచేస్తున్న బుడిపె. తెల్లగానో ఆకుపచ్చగానో ఉంటే పనిచేయనిది, లేక వయసైపోయింది. అంతర పంటగా కందినో పెసరనో ఎందుకు వేస్తారని పిల్లలే అడుగుతారు.

విత్తనాల విషయంలో తీవ్రమైన లోపం ఉంది. బెండ గింజలు గులాబీ రంగు పూతతో వచ్చాయి. అది విత్తన శుద్ధి మందు పూత. ఆ గింజల్నే దూదిలో పెట్టి చేత్తో తిప్పుతూ మొలకెత్తించమని మూడో పేజీలో కృత్యం ఉంది. చేతి తొడుగు మాట, చేతులు కడగమన్న మాట ఎక్కడా లేవు. మందు పూసిన గింజలు ఆరో తరగతి పిల్లల చేతిలో పెట్టడం ఏ లెక్కనా సరైంది కాదు. ఆ పొట్లం పక్కన పెట్టేయండి. క్యాప్సికం, లెట్యూస్ పొట్లాలూ జూన్‌లో మన ఎండకు, వానకు నిలిచేవి కావు. ఊళ్లో ఎవరింట్లోనైనా దాచిన తోటకూర, గోంగూర, బెండ, గోరుచిక్కుడు, బీర గింజలు చాలు. తోటకూర 25 నుంచి 30 రోజుల్లో కోతకొస్తుంది, మధ్యాహ్న భోజనంలోకి వెళ్తుంది. గింజ సన్నం కాబట్టి నాలుగింతల ఇసుకతో కలిపి చల్లాలి, లేదంటే ఒకచోట గుబురు, ఒకచోట బోడి.

జీవామృతం పేజీలో అచ్చు తప్పు ఉంది, మామూలు తప్పు కాదు. అందరూ చెప్పే కొలత 200 లీటర్ల నీళ్లకు 10 కిలోల పేడ, 5 నుంచి 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పు పిండి, గుప్పెడు గట్టు మట్టి. బడి కోసమని 20 లీటర్లకు తగ్గించినప్పుడు పేడను 1 కిలో చేశారు గానీ బెల్లం, పిండి 2 కిలోలే ఉంచేశారు. 200 గ్రాములు చొప్పున చాలు. పదింతల బెల్లం పోస్తే పులుపెక్కి ఈగలు ముసిరే పాకం అవుతుంది. పైగా 'మూత గట్టిగా బిగించండి' అన్నారు. పులిసేటప్పుడు గాలి పుడుతుంది, బిగిస్తే డబ్బా ఉబ్బి మూత ఎగురుతుంది. గోనె సంచి కప్పి నీడలో పెట్టి, రోజుకు రెండుసార్లు కర్రతో తిప్పుతూ రెండు మూడు రోజులకు వాడాలి, వారం దాటనివ్వొద్దు. పేడతో చేసింది కాబట్టి తినే ఆకుల మీద చల్లకుండా మొక్క మొదట్లోనే పోయాలి.

దాని కిందే 'ఇది వాడితే ఇక ఎరువులు అక్కర్లేదు' అని పెద్దక్షరాల్లో ఉంది. ఇలాంటి మాటలే ఈ పుస్తకానికి చేటు. యూరియా విషం, పేడ అమృతం అని చెప్పి పంపితే పిల్లవాడు ఇంటికెళ్లి నాయనతో పోట్లాడతాడు, నాయన బడిని నవ్వుతాడు. దాని బదులు లెక్క చేయించాలి. యూరియా బస్తా 45 కిలోలు, అందులో నత్రజని 46 శాతం, అంటే 20.7 కిలోలు. పశువుల ఎరువులో నత్రజని ఇంచుమించు అర శాతం, టన్నుకు 5 కిలోలు. ఒక్క బస్తాకు సాటి రావాలంటే 4 టన్నుల పైచిలుకు ఎరువు కావాలి. ఇంట్లో బర్రెలెన్ని, పెంట ఎంత వస్తుంది, ఎన్ని ఎకరాలకు సరిపోతుంది? బర్లు అమ్మేసుకున్న ఊళ్లో సేంద్రియం ఎందుకు కష్టమో అప్పుడు తెలుస్తుంది. ఎరువు ఇచ్చేది నత్రజని ఒక్కటే కాదని, నేల గుల్లబారడం, తేమ పట్టడం బస్తాతో రావని అదే సీసా, అదే మడి చూపిస్తాయి. జనగామ జిల్లా లింగాల ఘనపురం మండలంలోని ఏనబావి రసాయనాలు లేని ఊరుగా పేరుపడింది. పిల్లల్ని తీసుకెళ్లే వీలుంటే ఈ లెక్క చేయించాకే తీసుకెళ్లండి, అప్పుడు అడగాల్సిన ప్రశ్నలు వాళ్ల దగ్గరే ఉంటాయి.

వానపాముల డబ్బా నల్ల ప్లాస్టిక్, 20 లీటర్లది. పాములు పెట్టెలో రావు, అది నయమే, కొరియర్‌లో చచ్చిపోయేవి. కానీ నల్లడబ్బా ఏప్రిల్ ఎండకు వేడెక్కి లోపలివి బతకవు. 35 డిగ్రీలు దాటితేనే వాటికి కష్టం. పగిలిన మట్టి గోలెం చెట్టు కింద పెడితే అంతకన్నా మేలు. తాజా పేడ వేయొద్దు, అది మాగేటప్పుడు కాగుతుంది. 15, 20 రోజులు ఆరిన పేడ వేయాలి. గుప్పిట పట్టి పిండితే ఒకటి రెండు చుక్కలు రాలేంత తడి చాలు. మధ్యాహ్న భోజనంలో మిగిలిన సాంబారు అన్నం వేస్తే చీమలు దిగుతాయి. వేసవి సెలవుల్లో నీళ్లు ఎవరు చల్లుతారో ముందే తేల్చుకోకపోతే జూన్‌లో ఖాళీ గోలెమే మిగులుతుంది. మార్చిలోనే ఎరువు జల్లించి, పాముల్ని దగ్గరి రైతుకు ఇచ్చేయడం మంచిది.

పటాల్లో ఒకటి మామూలు ఆహారపు గొలుసు. రెండోది మాత్రం దాచుకోదగ్గది: పురుగు మందు డబ్బాల మీది రంగు త్రికోణాలు. ఎరుపు అత్యంత విషపూరితం, పసుపు తర్వాతది, నీలం, ఆ తర్వాత ఆకుపచ్చ. ఖాళీ డబ్బాలు బడికి తెమ్మని మాత్రం అనకండి, ఇంట్లో పెద్దవాళ్లు ఫోన్లో తీసిన ఫొటో చాలు. ఇంకో చిన్న మాట, బతుకమ్మలో పేర్చే గునుగు పువ్వు గురించి: కలుపు మందు కొట్టిన చేనులో అది మిగలదు. బతుకమ్మకు పువ్వు ఏ గట్టున దొరికిందో పిల్లలతో పటం గీయిస్తే పుస్తకంలోని జీవవైవిధ్యం అధ్యాయానికి పని దొరుకుతుంది.

పుస్తకం క్యాలెండర్ జూన్ 5న మొదలవుతుంది. మన బడులు 12న తెరుచుకుంటాయి. మొదటి రెండు వారాలు మట్టి పరీక్ష, వానమాపకం. నెలాఖరున తోటకూర, బొబ్బర్లు. దసరా సెలవులకు ముందే కోత. సెలవుల తర్వాత మెంతి, పాలకూర, ముల్లంగి. ఈ వరసలో పెట్టుకుంటే కుదురుతుంది.

కొనాలా అంటే, కంపెనీ మొదటి డబ్బాను విడిగా 2,900కు ఇస్తుంది, అడిగితేనే చెబుతారు. అది తీసుకుని, వడపోత కాగితాలు, డిస్టిల్డ్ వాటర్, రెండు అదనపు ఎరలు కలుపుకోండి. ఎరల పొట్లం మీద గడువు తేదీ చూసి మరీ తీసుకోవాలి.